ఎండ్ టర్న్ నొక్కినంక నెత్తి పట్టుకునే తప్పులు: పిల్లలకు ఏవి ముందు చెప్పాలె?

సాగర్ కాల్వ (నల్లగొండ):

ఈ వేసవి సెలవులల్ల మా కాలనీ పిల్లలకు ఏడెనిమిది మందికి టర్న్ మీద ఆడే స్ట్రాటజీ ఆటలు నేర్పాలె. రూల్స్ ఎట్ల చెప్పాల్నో నాకు తెలుసు. అడిగేది వేరే సంగతి. రూల్ మొత్తం తెలిసినోడు కూడా చేసి, ఎండ్ టర్న్ నొక్కిన మరుక్షణం "అరె, ఎంత పని జేస్తి" అనుకునే తప్పులు ఉంటయి సూడు, అవి కావాలె. సివిలైజేషన్ ఆటల కాపలా లేని సెట్లర్‌ను (కొత్త ఊరు పెట్టే యూనిట్) బార్బేరియన్లు (ఏ రాజ్యానికీ చెందని దోపిడి దండు) ఎత్తుకపోవుడు లాంటివి. ఏ ఆటల ఏ తప్పు, అది ఎందుకు జరుగుతది, జరగకుండ ఉండాలంటే చెయ్యికి ఏ అలవాటు పడాలె, అంకెలతోని చెప్పండ్రి. "జాగ్రత్తగ ఆడాలె" అన్న మాట పిల్లల చెవికి ఎక్కదు. ఇంకోటి, లాప్‌టాప్‌లు చానా పాతవి. సివిలైజేషన్ 6 రెండిట్లనే నడుస్తది. మిగతా వాటిల్ల ఏం పెట్టాల్నో అది కూడా చెప్పండ్రి.

పులిమేక (పాలమూరు):

తమ్మీ, పులిమేక ఆటల ఒక్క వంతుకు ఒక్క కాయనే జరుపుతం. కంప్యూటర్ ఆటల ఒక్క టర్న్‌ల పది యూనిట్లు కదుపుతం. రూల్ తెలిసినోడు దెబ్బ తినేది ఎక్కువ శాతం ఆ పదింటి వరుస కాడనే. పనులన్నీ సక్కనివే ఉంటయి, ముందుది ఎన్కకు, ఎన్కది ముందుకు పడ్తయి. పిల్లలకు ఈ ఒక్కటి పట్టుబడితే సగం తప్పులు పోతయి: కొత్తగ ఏదన్న కనబడే పని ముందు చెయ్యాలె, వాపస్ తీసుకోరాని పని తర్వాత చెయ్యాలె.

దీనికి ఎక్స్‌కామ్ అనే సైనికుల ఆటను మించిన ఉదాహరణ లేదు. ఎనిమీ అన్‌నోన్ (2012) అయినా ఎక్స్‌కామ్ 2 (2016) అయినా ఒక్కో సైనికునికి టర్న్‌కు 2 యాక్షన్లు. నీలి గీత లోపట నడిస్తే ఒకటి ఖర్చు, పసుపు గీత దాకా ఉరికితే రెండూ ఖతం. తుపాకి కాలిస్తే మామూలుగ ఆ సైనికుని పని అయిపోయినట్టే. శత్రువులు గుంపులు గుంపులుగ మనకు కనబడని కాడ ఉంటరు. మనోడు ఒక్కడు వాళ్ల కంట పడంగనే, అది మన టర్న్ అయినా సరే, ఆ గుంపు మొత్తానికి ఊరికెనే ఒక కదలిక దొరుకుతది. ఉరికి కవర్ (గోడ, దిమ్మె లాంటి అడ్డు) పట్టుకుంటరు.

ఇగ తప్పు సూడు. ఆరుగురిల అయిదుగురు కాల్చుడు అయిపోయింది, కనబడ్డోళ్లు అందరు సచ్చిండ్రు. ఆరోవాడు మిగిలిండు. ఊకెనే నిలబెట్టుడు ఎందుకు, ముంగటి గోడ దాకా పోనీ అని పసుపు గీత దాకా ఉరికిస్తరు. గోడ మూల తిరగంగనే కొత్త గుంపు లేస్తది. మన చేతుల ఒక్క యాక్షన్ లేదు. వాళ్లు కవర్ పట్టిండ్రు, వచ్చే టర్న్ మొత్తం వాళ్లదే. ముంగటికి పోయిన ఆ ఒక్కన్ని అందరు కలిసి కాలుస్తరు. గెల్సిన మిషన్‌ల సైనికుడు సచ్చుడు చానాసార్లు గిట్లనే ఉంటది. అలవాటు ఏందంటే, తెల్వని నేల తొక్కే అడుగు టర్న్‌ల మొట్టమొదటిది కావాలె. అప్పుడు గుంపు లేచినా ఇంకా అయిదుగురి చేతుల రెండేసి యాక్షన్లు ఉంటయి. ఆఖరోన్ని మనోళ్లు ఇంతకుముందే తొక్కిన గడులకే పంపాలె, లేదంటే ఉన్నకాడనే ఓవర్‌వాచ్ (శత్రువు కదిలితే కాల్చే కాపలా) పెట్టాలె.

వరుస తప్పే రెండో కాడ గ్రెనేడ్. ఎనిమీ అన్‌నోన్‌ల కొత్త సైనికుని గురి 65. శత్రువు సగం కవర్ ఎన్క ఉంటే 20, నిండు కవర్ ఎన్క ఉంటే 40 తగ్గుతది. అంటే దూరం, ఎత్తు లెక్కలు పక్కకు పెడితే నిండు కవర్ మీదికి కాల్చేటప్పుడు తాకే అవకాశం 25 శాతం. గ్రెనేడ్ ముందు ఏస్తే చానావరకు ఆ కవర్ కూలిపోతది, తర్వాత కాల్చేటోళ్లందరికి అదే 65. ముగ్గురు కాల్చి తప్పినంక కోపంతోని గ్రెనేడ్ ఏసుడు అనేది ఎంత ఆడినోళ్లయినా చేస్తరు. గ్రెనేడ్ దాచిపెట్టుకుందాం అన్న ఆశనే దానికి కారణం.

బతుకమ్మ పూలు (దేవరకొండ):

సివిలైజేషన్ 6 గురించి నేను చెప్త. నువ్వు అన్న సెట్లర్ ముచ్చట తోనే మొదలుపెడదాం, ఎందుకంటే దానికి "కాపలా పెట్టు" అని చెప్తే సరిపోదు. కాపలా పెట్టినోళ్లకు కూడా ఆ సెట్లర్ పోతది.

మామూలు స్పీడ్‌ల మొదటి సెట్లర్ ఖరీదు 80 ప్రొడక్షన్, మీదికెళ్లి ఆ నగరం జనాభా ఒకటి తగ్గుతది. అంత పెట్టి చేసిన దాన్ని అయిదారు టర్న్‌ల దూరానికి ఒకటేసారి క్లిక్ చేసి పంపుతరు. తోడుగా వారియర్‌ను కూడా పంపుతరు. రెండిటికి 2 అడుగులే కానీ దారిల గుట్ట, అడవి వస్తే ఒకటి ఆగుతది, ఒకటి ముందుకు పోతది. మూడో టర్న్‌కు రెండు వేరే వేరే గడులల్ల ఉంటయి. ఒక్కసారి ఆర్డర్ ఇచ్చినంక ఆట మనల్ని మళ్లీ అడగది, అదే దారిన నడిపిస్తది. కనుక సెట్లర్‌కు దూరం ఆర్డర్ ఎప్పుడూ ఇవ్వద్దు. టర్న్ టర్న్‌కు ముందు వారియర్‌ను జరపాలి, అది ఆగిన గడిలకే సెట్లర్‌ను తేవాలి. ఆటల రెండిటినీ జత కట్టే ఫార్మేషన్ బటన్ ఉంది. అది నొక్కితే రెండు ఒక్కటిగ కదుల్తయి. ఒకవేళ పోయిందే అనుకో, ఏడవకుండ వెంట పడాలి. బార్బేరియన్లు దాన్ని వాళ్ల క్యాంపుకు నడిపించుకపోతరు. తోవల పట్టుకుంటే అది మళ్లీ మనదే.

దానికంటే ముందు జరిగే తప్పు ఇంకొకటి ఉంది, దాన్ని ఎవ్వరూ తప్పు అనుకోరు. బార్బేరియన్ స్కౌట్ (వేగు చూసే యూనిట్) మన ఊరిని చూసిందంటే దాని నెత్తి మీద ఆశ్చర్యార్థకం గుర్తు వస్తది. అది తిరిగి క్యాంపుకు చేరిందా, అక్కడికెళ్లి మన మీదికి దండు బయలుదేరుతది. గుర్తు చూసి వారియర్‌తోని స్కౌట్ వెంట ఉరుకుతరు. స్కౌట్‌కు 3 అడుగులు, వారియర్‌కు 2. ఎన్నటికీ అందది, పైగా ఊరు ఖాళీ. వెంబడి పడొద్దు. అది ఏ దిక్కు నుంచి వచ్చిందో చూసి, దానికి దాని క్యాంపుకు నడుమ నిలబడాలి.

ఇక ఊరు పెట్టే కాడ. నీళ్లు లేని కాడ ఊరు పెడితే ఏమయితదో నల్లగొండ, పాలమూరు పిల్లలకు వేరే చెప్పే పని లేదు, ఈ లెక్క వాళ్లకు ఇట్టే పట్టుబడుతది. నది, చెరువు పక్కన పెడితే హౌసింగ్ (ఊర్ల ఎంత జనాభాకు జాగా ఉందో ఆ లెక్క) 5, సముద్రం ఒడ్డున 3, ఏ నీళ్లు లేకుంటే 2. జనాభాకు, హౌసింగ్‌కు తేడా ఒక్కటికి వచ్చిందంటే పెరుగుదల సగం పడిపోతది. అంటే నీళ్లు లేని కొత్త ఊరు ఒక్క జనాభాతోని పుట్టినప్పటి నుంచే సగం వేగంతో నడుస్తది. సెట్లర్‌ను ఎంచుకుంటే మ్యాప్ మీద రంగులు వస్తయి, ముదురు ఆకుపచ్చ మంచినీళ్లున్న గడి. నదికి ఒక్క గడి పక్కకు పెట్టేటోళ్లు, ఆ ఒక్క టర్న్ ఎందుకు పోగొట్టుకోవాలె అని అక్కడనే పెట్టేస్తరు. ఆ ఒక్క టర్న్‌కు ఆట మొత్తం కట్టుకుంటనే ఉండాలి.

అట్ల పెట్టిన ఊరిని అక్విడక్ట్ (నీళ్లు తెచ్చే కాలువ, డిస్ట్రిక్ట్ అనే పెద్ద కట్టడాలల్ల ఒకటి) కాపాడుతది, హౌసింగ్ 6 దాకా తెస్తది. కానీ అది సిటీ సెంటర్‌ను ఆనుకోని ఉండాలి, ఇంకో దిక్కు నది, చెరువు, ఒయాసిస్, పర్వతం వీటిల ఏదో ఒకదాన్ని ఆనుకోవాలి. అట్లాంటి గడి చానాసార్లు ఒక్కటే ఉంటది. పర్వతం పక్కన క్యాంపస్‌కు (సైన్స్ పెంచే డిస్ట్రిక్ట్) ఒక్కో పర్వతానికి 1 సైన్స్ వస్తదని ఆ గడిలనే క్యాంపస్ కట్టేస్తరు. కట్టిన డిస్ట్రిక్ట్‌ను పీకి ఇంకోకాడ పెట్టే వీలు లేదు. డిస్ట్రిక్ట్‌లు జనాభా 1, 4, 7, 10 కాడ ఒక్కోటి చొప్పున దొరుకుతయి. కనుక ఊరు పెట్టిన టర్న్‌లనే మ్యాప్ పిన్నులతోని మూడు నాలుగు డిస్ట్రిక్ట్‌ల జాగాలు గుర్తు పెట్టియ్యాలి. పిల్లలకు ఈ పిన్నులు పెట్టుడు ఒక ఆటలాగ నచ్చుతది కూడా.

యుద్ధంల అందరికంటే సిగ్గుపడే తప్పు ఇది: ఆర్చర్లు, క్యాటపుల్ట్‌లు ఓ ఆరు తీసుకపోయి నగరాన్ని సున్నాకు దింపుతరు. లోపలికి పొయ్యేటోడు లేడు. దూరం నుంచి కొట్టే యూనిట్లు నగరాన్ని పట్టలేవు, కత్తి పట్టిన యూనిట్ ఒక్కటన్న పక్కన బతికుండాలి. అది ఉన్నా, గోడ దెబ్బలకు ముందే దాన్ని చంపుకుంటరు. ఆఖరి దెబ్బ కొట్టేదాన్ని నగరం దెబ్బ అందని దూరంల ఎన్కకు ఆపి, చివరి టర్న్‌ల తేవాలి. నగరం నాలుగు దిక్కులు మనోళ్ల పట్టుల లేకుంటే ప్రతి టర్న్‌కు 20 చొప్పున మళ్లీ కోలుకుంటది, అది కూడా మర్చిపోవద్దు.

ధాన్యం బస్తా (మిర్యాలగూడ):

అన్నా, పాత లాప్‌టాప్‌లకు హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మేజిక్ 3 పెట్టు. 1999 ఆట, ఎసొంటి దాంట్లయినా ఉరుకుతది. ఒకే కంప్యూటర్ మీద వంతుకొకరు కూసొని ఆడొచ్చు.

దీంట్ల పెద్ద తప్పు కంటికి కనబడనే కనబడది. హీరో (దండును నడిపే నాయకుడు) రోజుకు ఎంత దూరం పోతడు అనేది ఆ రోజు పొద్దుగాల అతని దండుల అందరికంటే మెల్లగ నడిచేటోని వేగం మీద లెక్క కడ్తది. వేగం 3 ఉన్న డ్వార్ఫ్ ఒక్కడున్నా 1500 పాయింట్లు. అందరిది 11, అంతకు పైన ఉంటే 2000. మామూలు నేల మీద సక్కగ ఒక గడికి 100 పోతయి. అంటే ఒక్క డ్వార్ఫ్ కోసం రోజుకు 5 గడులు, వారానికి 35 గడులు పోతున్నయి. దండు పెద్దగుంటే బలం అని అందరిని ఎక్కించుకుంటరు, గని కాడికి ఎదుటోడు ఒకరోజు ముందు చేరుతడు. ఇది సాయంత్రం చూసుకోవాలె. రోజు ముగిసే ముందు మెల్లగ నడిచేటోళ్లను కోటల దించాలె, లేకుంటే రెండో హీరోకు ఇయ్యాలె. పొద్దుగాల దించితే లాభం లేదు, లెక్క అప్పటికే అయిపోయింది.

కోట కట్టుడు: ఒక కోటల రోజుకు ఒక్క కట్టడమే. ఇయ్యాల మర్చిపోతే రేపు రెండు కట్టనియ్యరు, పోయిన రోజు పోయినట్టే. హీరోలను నడిపే సంబురంల ఎండ్ టర్న్ కొట్టేస్తరు. అందుకే కోట పని మొదలు, హీరో పని తర్వాత. వారం మొదటి రోజు కొత్త సైన్యం పుడ్తది, ఆ కోట ఆ పొద్దు ఎవని చేతుల ఉంటే కొనుక్కునేది వాడే. ఏడో రోజు ఉన్న సైన్యమంతా కొని హీరోకు ఎక్కించి, కోటను ఖాళీగ ఇడిసిపెట్టి పోయేటోడు పక్కోనికి వారం పంట అప్పజెప్పినట్టే. ఒక్క కోట కూడా లేకుంట 7 రోజులు గడిస్తే ఆట నుంచే అవుట్.

యుద్ధంల తమ దండును తామే కొట్టుకునుడు దీంట్ల మస్తుగ జరుగుతది. చైన్ లైట్నింగ్ మంత్రం ఒకని మీద పడ్డంక దగ్గరున్న ఇంకోని మీదికి దుముకుతది, వాడు మనోడా పగోడా చూడది. మాగోగ్ అనే యూనిట్ ఏసే నిప్పుగోళం చుట్టూ ఉన్న మనోళ్లను కూడా కాలుస్తది. డ్రాగన్ ఊపిరి ముంగటి గడితో పాటు దాని ఎన్కటి గడిని కూడా అంటుకుంటది. శత్రువును మనోడు ఆ పక్క, డ్రాగన్ ఈ పక్క నిలబడి నడుమ పెట్టిండ్రనుకో, చదరంగం తెలిసినోనికి చూడనీకి అందంగ ఉంటది గానీ మనోడు కూడా కాలిపోతడు. కొట్టేముందు దెబ్బ పడే గడిని కాదు, దాని పక్క గడులను వేలు పెట్టి లెక్కపెట్టాలె.

ఎదురుదెబ్బ కాడ కూడా వరుసనే. మామూలు యూనిట్ ఒక రౌండ్‌ల ఒక్కసారే తిరిగి కొడ్తది. ఒక్క సైనికున్ని వేరే చేసి వాన్ని ముందు తోలితే ఆ ఎదురుదెబ్బ వాని మీద పోతది, తర్వాత పెద్ద గుంపు ఫికర్ లేకుంట కొట్టొచ్చు. గ్రిఫిన్ అనే యూనిట్ మీద ఈ ఉపాయం పారది, అది రెండుసార్లు తిరిగి కొడ్తది. రాయల్ గ్రిఫిన్ అయితే ఎన్నిసార్లయినా తిరిగి కొడ్తది.

సాగర్ కాల్వ (నల్లగొండ):

అక్కా, అన్నా, గిది నాకు కావల్సింది. పిన్నుల ముచ్చట, సాయంత్రం దండు దించుడు రెండు రాసుకున్న. ఇంకో సందేహం. తప్పు చేసినంక సేవ్ వెనక్కి తీసుకోనియ్యాల్నా, వద్దా? ఎన్కకు పోనిస్తే నేర్సుకోరు, పోనియ్యకుంటే రెండో రోజు ఆటకే రారు.

జడ్చర్ల జంక్షన్:

ఎన్కకు పోనియ్యాలె గానీ పాచిక పడకముందు దాకానే. ఈ తేడాను సక్కగ చూపించే ఆట బ్యాటిల్ ఫర్ వెస్నోత్. పైసలు పెట్టే పని లేదు, పాత మిషన్ల మీద కూడా నడుస్తది. దాంట్ల యూ బటన్ నొక్కితే అడుగు వాపస్ వస్తది. కానీ ఆ అడుగుతోని పొగమంచు తొలిగి కొత్తది కనబడ్డా, కొట్లాట అయినా వాపస్ రాదు. పులిమేక అన్న చెప్పిన వరుస సూత్రం ఆ బటన్‌లనే ఉన్నది.

వెస్నోత్‌ల పిల్లలు చేసే తప్పు నది కాడ. మామూలు మనిషి యూనిట్‌కు ఊర్ల, కోటల రక్షణ 60 శాతం, మైదానంల 40, లోతు లేని నీళ్లల్ల 20. అంటే నీళ్లల్ల నిలబడ్డోని మీద పడే ఒక్కో దెబ్బ తాకే అవకాశం 80 శాతం, ఒడ్డు మీది ఊర్ల నిలబడితే 40. సరిగ్గ సగం. శత్రువు దగ్గరకొచ్చిండని ఆగలేక తామే నీళ్లల్లకు దిగి కొడ్తరు. ఒక్క టర్న్ ఒడ్డు మీద ఓపిక పడితే దిగేది వాడే. దీనికి రాత్రిపగలు కూడా కలుస్తది. లాఫుల్ యూనిట్లు పగలు 25 శాతం ఎక్కువ కొడ్తయి, రాత్రి 25 తక్కువ, కేయాటిక్ వాటికి ఉల్టా. సందెవేళ మొదలుపెట్టిన దాడి శత్రువు కాడికి చేరేసరికి చీకటి పడ్తది. దూరాన్ని అడుగులతోని కాదు, చేరేసరికి ఏ పూట అయితదో దాంతోని కొలువాలె.

సేవ్ సంగతిల ఒక్క మాట. ఎక్స్‌కామ్ ఎనిమీ అన్‌నోన్‌ల సేవ్ తీసి అదే దెబ్బ మళ్లీ కొడితే అదే ఫలితం వస్తది, పాచిక ముందే పడి ఉంటది. దాన్ని చూసి పిల్లలు "ఆట మోసం చేస్తుంది" అంటరు. వాళ్లకు కాగితం మీద గుణించి చూపియ్యి. 90 శాతం దెబ్బలు మూడు పడితేనే బతికే ప్లాన్ అయితే, మూడూ తాకే అవకాశం 73 శాతమే. 85 శాతంవి నాలుగు అయితే 52, బొమ్మా బొరుసులెక్కనే. తప్పు ఆ ఆఖరి దెబ్బల లేదు, నాలుగు దెబ్బలు తాకాల్సిన కాడికి తెచ్చుకున్న టర్న్‌ల ఉన్నది.

పులిమేక (పాలమూరు):

జడ్చర్ల అన్న లెక్క కరెక్టే, గానీ మొదటి వారం దాదాపు పాచికనే లేని ఆట పెడితే ఇంకా మంచిది. ఇన్‌టు ద బ్రీచ్ (2018). 8 అడ్డం 8 నిలువు గడులు, మన దిక్కు 3 మెక్‌లు (పెద్ద యుద్ధ రోబోలు), శత్రువు ఎక్కడ కొడ్తడో ముందే చూపిస్తది. నడక వాపస్ తీసుకోవచ్చు, దెబ్బ తీసుకోరాదు. ఒక్కో యుద్ధంల ఒక్కసారి మాత్రం మొత్తం టర్న్ మళ్లీ ఆడనిస్తది. కాలనీ పిల్లలకు ఎన్కకు పోయే రూల్‌ను ఆ ఆటనే పెడ్తది, నువ్వు పంచాయితీ చేసే పని ఉండది.

దాంట్ల పడే తప్పు కూడా చెప్త. శత్రువును ఒక గడి పక్కకు నూకుతరు, బిల్డింగ్ బతికింది అనుకుంటరు. కానీ వాని గురి వానితోనే జరుగుతది. ఎడమ దిక్కు కొట్టేటోన్ని కిందికి నూకితే, కింది వరుసల ఎడమ గడిని కొడ్తడు, అక్కడ ఇంకో బిల్డింగ్ ఉంటది. నూకేముందు "వీడు అక్కడ నిలబడితే వీని చెయ్యి ఏ గడి మీద పడ్తది" అని పిల్లగాడు స్క్రీన్ మీద వేలు పెట్టి చూపియ్యాలె, తర్వాతనే క్లిక్.

దాని తర్వాత గేమ్ బాయ్ అడ్వాన్స్ నాటి అడ్వాన్స్ వార్స్ (2001) ఆడిపియ్యి, లెక్క అలవాటు అయితది. ఊరు పట్టాలంటే 20 పాయింట్లు, సైనికుని ప్రాణం ఎంతుంటే టర్న్‌కు అంత తగ్గుతది. 10 ఉన్నోడు రెండు రోజులల్ల పడ్తడు. 9 ఉన్నోడు 18 కాడ ఆగి మూడో రోజు తీసుకుంటడు. గడి ఇడిసి ఒక్క అడుగు కదిలితే మళ్లీ 20 నుంచే. అదే లెక్క మన హెచ్‌క్యూకు (ముఖ్య స్థావరం, అది పోతే ఆట ఓడినట్టే) కూడా. దండునంతా ముంగటికి తోలితే, ఎదుటోడు హెలికాప్టర్‌ల ఒక్క పదాతిని మన హెచ్‌క్యూ మీద దించి రెండు రోజులల్ల ఆట ముగిస్తడు. 1000 పెట్టి కొన్న ఒక్క సైనికున్ని ఆ గడి మీద కూసోబెడితే దిగనీకి జాగనే ఉండది. ఫ్యాక్టరీ మీద మాత్రం ఎవన్నీ నిలబెట్టొద్దు, దాని మీద మనోడే ఉన్నా అది కొత్తది తయారు చెయ్యది. కదిలేటోళ్లందరు కదిలినంకనే ఫ్యాక్టరీ తెరువాలె.

సాగర్ కాల్వ (నల్లగొండ):

అయితే మొదటి వారం బ్రీచ్, రెండో వారం వెస్నోత్, పెద్ద పిల్లలకు హీరోస్ 3. సివ్ 6 నడిచే రెండు లాప్‌టాప్‌లల్ల జట్లుగ ఆడిపిస్త. కరెంట్ పోతే ఎట్ల? బ్యాటరీలు రెండిట్ల పని చెయ్యవు.

బతుకమ్మ పూలు (దేవరకొండ):

సివ్ 6ల ఆప్షన్స్ తెరిస్తే ఎన్ని టర్న్‌లకు ఒకసారి ఆటోసేవ్ కావాలో అడుగుతది, 1 పెట్టు. కరెంట్ పోయినా పోయేది ఆ నడుస్తున్న టర్న్ ఒక్కటే. పక్కనే ఎన్ని సేవ్‌లు దాచాలో ఇంకో గడి ఉంటది, దాన్ని కూడా పెంచు. లేకుంటే కొత్తవి పాతవాటిని తుడిచేస్తయి, పది టర్న్‌ల కింద చేసిన తప్పు ఏ కాడ మొదలైందో పిల్లలకు చూపియ్యనీకి ఏం మిగలది.